రాతి గూట్లో దీపం

భయం కామేశ్వరికి పుట్టింటివారిచ్చిన అరణం. కాకినాడ నుంచి అమెరికాలోని నేపర్‌విల్ వచ్చి ఏళ్లు గడిచినా, హైవే ఎక్కిందంటే ముక్కోటి దేవతలకీ మొక్కుకునేది. అలాంటి మనిషి ఊరవతల పాత చర్చిలో గైడ్‌గా ఎలా చేరిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ చర్చి ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఓ పల్లెలో కట్టింది. వెనకటికెవరో కోటీశ్వరుడు కొని, రాయికి రాయి విప్పి, ఓడలో తెచ్చి, మొక్కజొన్న చేల మధ్య మళ్లీ నిలబెట్టాడు. బారెడు మందం గోడలు, వెలుతురు సరిగా రాని సన్నటి కిటికీలు, పైన ఎండిపోయిన ఓక్ దూలాలు. ఉత్తరపు గోడకి చిన్న తలుపు. పసిబిడ్డకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు దయ్యం బయటికి పోవాలని అది తెరిచి ఉంచేవారట. పక్కనే గోడలో ఓ గూడు. జబ్బుపడ్డవాళ్ల కోసం పల్లెజనం అందులో కొవ్వొత్తి పెట్టేవారని కామేశ్వరి అందరికీ చెప్పేది.

1983 ఫిబ్రవరిలో ఆవిడ భర్త హరనాథ్‌కి గుండె ఆపరేషన్.

"నువ్విక్కడ కూర్చుని ఏడిస్తే నా బీపీ పెరుగుతుంది. డ్యూటీకి వెళ్లు. రాధాకృష్ణ ఫోన్ చేస్తాడులే" అని స్నేహితుణ్ణి చూపించి పంపేశాడు.

చర్చిలో ఆ పూట ఒక్కరూ లేరు. కామేశ్వరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ప్రమిద తీసి, ఆ గూట్లో దీపం వెలిగించింది. ప్రాణం మీదికొచ్చాక ఏ గూడైనా దేవుడి గూడే!

కాపలా చూసే ముసలి వాల్టర్ వచ్చి చూసి పాలిపోయాడు. దూలాలకేసి చెయ్యి చూపించి, ఒక్క రవ్వ ఎగిరితే కప్పు మిగలదని, ఆర్పెయ్యమని బతిమాలాడు. బయటికి తీసుకెళదామంటే మంచుగాలి హోరు.

భర్త కోసం పెట్టిన దీపం! మన ఇళ్లలో ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. చేతులారా ఆర్పడమా? వాల్టర్ ఊదబోయాడు.

"నో! నోటితో ఊదకూడదు, నేనే..." అని అడ్డం వెళ్లి, వేళ్లతో వత్తిని నూనెలోకి లాగేసింది. వేలు కాలిన సంగతి కూడా తెలియలేదు.

కాసేపటికి ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. కామేశ్వరి గూటి దగ్గరే నిలబడిపోయింది. వాల్టరే పిలిచి రిసీవర్ చేతికిచ్చాడు.

"వదినా, సర్జరీ సక్సెస్! అన్నయ్య సేఫ్. అయిపోయి గంటైంది, లైన్ దొరక్క లేటైంది" అన్నాడు రాధాకృష్ణ.

మరొకరైతే ఎగిరి గంతేసేవారు. కామేశ్వరికి మాత్రం ఒళ్లు చల్లబడింది. గంట కిందట దీపం వెలుగుతూనే ఉంది. ఆయన్ని గట్టెక్కించింది అదే. మరి ఆ తర్వాత తను ఆర్పింది దేన్ని?

హరనాథ్ కోలుకుని ఇంటికొచ్చాడు, దొంగచాటుగా ఆవకాయా తిన్నాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే చాలు, కామేశ్వరి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"బతికే ఉన్నానే!" అని ఆయన నవ్వేవాడు.

ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు, ఆ గూట్లో తను ఆర్పిన దీపం సంగతి చెప్పనూ లేదు.