మా మనవడు ఆపిన ప్రార్థన

ఈ రోజు కోడలూ నేనూ మూడు నెలల మనవణ్ణి తెనాలి నుంచి రేపల్లె తీసుకెళ్ళాం, మా అత్తగారి అక్కకు చూపించడానికి. ఎనభై దాటిన మనిషి, మాకు పెద్దత్తయ్య. సాయంత్రం మేం బయలుదేరబోతుంటే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

తెనాలి వెళ్ళే సాయంత్రం పాసింజరు రైలు తప్పితే మళ్ళీ పొద్దున్నే. ఆవిడేమో పొన్నూరు చుట్టాలందరినీ పేరుపేరునా దీవించి, కాకుమాను వాళ్ళ దగ్గరికొచ్చారు. ఇంతలో రైలు కూత వినబడింది. కోడలు నన్ను మోచేత్తో పొడిచింది. పెద్దలు ప్రార్థిస్తుంటే మధ్యలో ఎలా లేస్తాం? "ప్రభువా, త్వరగా ఆమెన్ అనిపించు" అని లోలోపలే వేడుకున్నాను.

వేటపాలెం వాళ్ళ పేర్లు మొదలవగానే మావాడు ఆవిడ ఒళ్ళంతా తడిపేశాడు.

"ప్రభువా, వేటపాలెం వాళ్ళ సంగతి నీకు తెలుసు. వీడు నా చీర పాడుచేశాడు. ఆమెన్!" అన్నారు పెద్దత్తయ్య, కళ్ళు తెరవకుండానే.

పరుగెత్తుకెళ్ళి రైలెక్కాం.

"మీ మనవడే నయం అత్తయ్యా. మనిద్దరికీ నోరు పెగల్లేదు" అంది కోడలు ఆయాసపడుతూ.

దేవుడు ఎవరిని ఎలా వాడుకుంటాడో చెప్పలేం కదండీ! మీ ఇళ్ళలో ఇలాంటి పెద్దల చేత ఆమెన్ అనిపించేది ఎవరు?