చింతపండుతో తోమిన బకిల్

బేరమాడటం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాలకొల్లులో మా నాన్న కిరాణా కొట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగితే అదే అంటుకుంది. దుబాయ్ వచ్చాక కూడా వదల్లేదు. ఇక్కడి నైఫ్ బజారులో కొత్తిమీర కట్ట కొన్నా సరే, మొదట చెప్పిన ధరకు తలూపితే ఆ పూట నాకు అన్నం సయించదు.

కరోనా సద్దుమణిగి విమానాలు మళ్ళీ మామూలుగా తిరుగుతున్న రోజుల్లో నేను ఒక ఇంగ్లండు వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. కూతురు, అల్లుడు పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, కూతురి తల్లి పెద్దావిడా మిగిలేవాళ్ళం. ఆవిడ తవ్వకాల మనిషి. సొంత ఊళ్ళో కెథడ్రల్ అని పెద్ద చర్చి ఉంది. ఆ గోడల పక్కనే ఏళ్ళ తరబడి మట్టి తవ్వించి, పాత కుండపెంకులూ ఎముకలూ పైకి తీసి, ఏది ఏ లోతులో దొరికిందో రాసుకుంటూ ఉద్యోగం చేసింది. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆ ఊరి సంగతులు చెప్పేది. నాది నైఫ్‌లో బేరాలాడి నేర్చుకున్న ఇంగ్లీషు కాబట్టి నిదానంగా చెప్పేది.

"ఆ గుడి కట్టడానికి వందేళ్ళు దాటింది" అంది ఒకసారి.

"మా ఊరి రోడ్డు కూడా అంతే మేడం."

ఆ కాలంలో గుడి ముందు సంత జరిగేదట. పై ఊళ్ళ వర్తకులు వచ్చేవాళ్ళు. తూకం దగ్గర తగువు వస్తే, వాళ్ళు ఊరు దాటిపోయేలోపే తీర్పు చెప్పడానికి అక్కడికక్కడే ఒక కోర్టు. నేరుగా దారిలోంచి వచ్చి నిలబడేవాళ్ళు కాబట్టి దాన్ని దుమ్ము కాళ్ళ కోర్టు అనేవాళ్ళట. నాకు ఆ కోర్టు తెగ నచ్చింది.

"మా నాన్న అప్పట్లో పుట్టి ఉంటే రోజూ అక్కడే ఉండేవాడు" అన్నాను.

"ఫిర్యాదు చెయ్యడానికా, సంజాయిషీ చెప్పుకోవడానికా?"

"రెంటికీ మేడం."

ఆవిడ గురువారం ఇంగ్లండు వెళ్ళాలి. మంగళవారం ఉదయం ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. లోపల దూదిలో ఒక కంచు బకిల్, బెల్టుకి పెట్టుకునేది. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, కెథడ్రల్ వెనక వాళ్ళ పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతుంటే వాళ్ళ నాన్నకు దొరికిందట. ఏడొందల ఏళ్ళ నాటిదై ఉంటుందని ఆవిడ అంచనా. ఈసారి దాన్ని ఊరి మ్యూజియానికి ఇచ్చేస్తానంది. చెప్పి స్నానానికి వెళ్ళింది.

నాకు కనిపించిందల్లా చిలుము. మా వైపు ఎవరికైనా కంచు చెంబు ఇవ్వాలంటే తోమకుండా ఇస్తారా? పరువు పోదూ? మ్యూజియం అంటే పెద్దమనుషులు వచ్చే చోటు. పిడికెడు చింతపండు తడిపి, ఉప్పు జల్లి, అరచేతిలో పెట్టి తోమాను. సందులో గోధుమరంగు మురికి ఒకటి వదల్లేదు. గాజుకున్న పిన్నీసు తీసి గీకాను. సింకులో కడిగి తీస్తే, పది నిమిషాల్లో బకిల్ కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడింది.

ఆవిడ వచ్చి చూసింది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది.

"ఇక్కడ తోలు ఉండాలి" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే మెల్లగా చెప్పింది. బెల్టు తోలంతా మట్టిలో కుళ్ళిపోయింది. కంచును అంటుకున్న చిన్న ముక్కను మాత్రం ఆ చిలుమే ఇన్నాళ్ళూ కాపాడింది. నేను పిన్నీసుతో గీకింది దాన్నే.

అప్పుడైనా నోరు మూసుకున్నానా? బేరం పెట్టాను. "పోనీ, మెరుపొచ్చింది కదా మేడం. అద్దాల వెనక బాగా కనిపిస్తుంది."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఒట్టి బకిళ్ళు వాళ్ళకు సొరుగులనిండా ఉన్నాయి. తోలు ఉంది కాబట్టే ఇది తీసుకుంటామన్నారు" అంది.

చింతపండు పిప్పి చెత్తబుట్టలో ఉంది. నేలమీద పేపరు పరిచి బుట్ట బోర్లించాను. ఆ చప్పుడుకు ఆవిడ లేచింది. తెల్ల పళ్ళాలు, టీ వడకట్టే జల్లెడ, తన భూతద్దం తెచ్చి నా పక్కనే చతికిలబడింది. "యల్లా, మొదలుపెట్టు" అంది. ఒకసారికి ఒక్క చెంచా పిప్పి, కాసిని నీళ్ళు, వేలితో నొక్కకూడదు.

"నొక్కకు!"

"నొక్కలేదు మేడం."

"నొక్కావు. చూశాను."

చిక్కంతా పీచుతోనే. ఆవిడకు ప్రతి పీచూ తోలులాగే కనిపిస్తోంది. "ఇదా?" "కాదు మేడం, చింత ఈనె." "ఇది?" "గింజ మీది తొక్క." ఈ ఒక్క విద్యలో మాత్రం నన్ను కొట్టేవాళ్ళు లేరు. చిన్నప్పుడు సెలవులన్నీ కొట్టు వెనక ఈనెలూ గింజలూ తియ్యడంతోనే గడిచాయి.

అంతలో రోజూలాగే నాన్న వీడియో కాల్ చేశాడు.

"ఏం చేత్తున్నావే?"

"చెత్తలో ఎతుకుతున్నాను నాన్నా."

"దానికి దుబాయ్ దాకా ఎందుకే? మన ఈది చివర లేదా చెత్త?"

సంగతి చెప్పాను. "ఏడొందల ఏళ్ళ సరుకుని తోమేశావా! ఆవిడ ఇంకా నిన్ను ఇంట్లో ఉంచిందా?" అన్నాడు. ఆవిడ ఏమంటున్నాడని అడిగింది. మీరు చాలా మంచివారట అని చెప్పి ఫోను పెట్టేశాను.

మధ్యాహ్నం వంట లేదు. బ్రెడ్డు తిన్నాం. అడుగున రెండు చెంచాల పిప్పి మిగిలి ఉండగా, పళ్ళెంలో అరకందిపప్పంత గోధుమరంగు పొర ఒకటి తేలింది. ఈనె కాదు, తొక్కా కాదు.

"ఇది మా సరుకు కాదు మేడం" అన్నాను.

ఆవిడ భూతద్దంలో చాలాసేపు చూసింది. ఆ జంతువుకి వెంట్రుకలు మొలిచిన రంధ్రాలు వరసగా ఉన్నాయి చూడమంది. నాకు చుక్కలే కనిపించాయి. ఆవిడ మాత్రం చింతపండు పులిమిన నా చేతిని పట్టుకుని వదల్లేదు. నేను గీకినదాంట్లో సగమే దొరికింది. మిగతాది సింకులోంచి పోయినట్టుంది.

మర్నాడు మ్యూజియానికి ఇవ్వాల్సిన కాగితం రాయడానికి కూర్చుంది. దొరికిన వస్తువుకు ఏం జరిగిందో అంతా రాయాలట.

"ఎండకి చిలుము ఊడిందని రాయండి" అన్నాను.

"లేదు."

"పోనీ, పనిమనిషి తెలియక..."

"ఆ మాట నేను రాయను. చింతపండు, ఉప్పు, పిన్నీసు. రేపు దాన్ని పరీక్షించేవాళ్ళకు ఇవి తెలియాలి."

ఎంత బేరమాడినా ఒక్క మెట్టు దిగలేదు. చివరికి నేనే దిగి, తోలుముక్కను కనిపెట్టింది కూడా ఆ తోమిన మనిషేనని ఒక వాక్యం చేర్చమన్నాను. వెంటనే చేర్చింది. ఆ తర్వాత ఇంకో వాక్యం రాసి నాకు చదివి వినిపించింది. వాళ్ళ నాన్న పెరట్లో ఏ మడిలో, ఎంత లోతులో తవ్వాడో తాను అడిగి రాసుకోలేదని, ఇది తన తప్పని.

"నువ్వు పోగొట్టినదాంట్లో సగం దొరికింది. నాది దొరకదు. చెప్పడానికి మా నాన్న ఇప్పుడు లేడు" అంది.

"అది రాయొద్దు మేడం. వాళ్ళకు నా తప్పు ఒక్కటి చాలదా?"

"ఖలాస్, అయిపోయింది" అని సంతకం పెట్టేసింది.

మూడు వారాలకు ఆవిడ దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. కింద "తీసుకున్నారు" అని ఒక్క ముక్క. బకిల్ పక్కన మూతపెట్టిన చిన్న పెట్టెలో తోలు, దాని పక్కన టైపు చేసిన కాగితం. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అబద్ధమెందుకు, ముందు వెతికింది నా వాక్యాన్నే. ఉంది. దాని కిందే ఆవిడది కూడా ఉంది, ఒక్క అక్షరం తగ్గకుండా.