కామెర్లని అందరూ తేల్చేశాక

అనంతగిరి కొండల్లో మా ఊరికి వైద్యుల కొరత లేదు. డాక్టరు చదువు చదివినవాళ్ళు తప్ప తక్కిన అందరూ వైద్యులే. ఆ వానాకాలం మా అమ్మాయికి చలిజ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. చివరికి కళ్ళు పచ్చబడ్డాయి. చూడవచ్చినవాళ్ళు గుమ్మంలోంచే రోగం తేల్చేశారు.

"పచ్చకామెర్లే. ఆస్పత్రికి తీసుకెల్తే సంపేత్తారు. పసరు పోయించండి," అంది మా అత్త.

పసరు పోయించాం. సంత దగ్గర మందుల షాపాయన చదువుకున్నవాడు కాబట్టి సెలైన్ పెట్టాడు. ఆయన దగ్గర కాలు బెణికినా సెలైనే.

మర్నాడు పొద్దున్న పిల్లకు మూత్రం నల్లటి డికాషన్‌లా వచ్చింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. నిలబెడితే కూలబడిపోయింది. బండి మీద నాకూ మా ఆయనకూ మధ్య కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాం. ఘాట్‌రోడ్డు మీద కార్లు ఆగి ఉన్నాయి. మంచు చాలా బాగుందట. దారివ్వమని మా ఆయన హారన్ కొడితే, "ఫొటోలో పడుతున్నావు, కాస్త ఆగు," అన్నాడు ఒక పెద్దమనిషి. పాపం, మంచు కరిగిపోతుందని ఆయన తొందర.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలి రక్తం పరీక్ష చేయించింది.

"మలేరియా అమ్మా. ఒంట్లో రక్తకణాలను పగలగొట్టేస్తోంది. కళ్ళు పచ్చబడిందీ, మూత్రం నల్లగా వచ్చిందీ అందుకే. లివర్ కూడా వాచింది. బేగి రక్తం ఎక్కించాలి."

అప్పటికి మా చుట్టాలు వార్డు నిండా ఉన్నారు. రక్తం అనగానే అందరికీ ఒకేసారి బస్సు టైమైంది. మిగిలింది, వెనకే ఆటోలో వచ్చిన మా అత్త. చెయ్యి చాపేసింది.

"నాది తీసేయండి. ముసిలిదాన్నైతే ఏటి, రగతం ఎర్రగానే ఉంటాది."

వయసు మించిందని నర్సు వద్దంది. అత్త ఆమెతో గొడవపడి, ఓడిపోయి, పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. ఏడుస్తూనే ఉంది. మా ఆయన రక్తం సరిపోయింది. మలేరియా ఇంజెక్షన్లూ మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు మూత్రం రంగు తేలింది. పిల్ల కళ్ళు తెరిచి, చేతికున్న ప్లాస్టర్ చూసుకుని, వాళ్ళ నాన్ననడిగింది.

"నీ రగతం ఎక్కించారు కదా, నాకూ మీసాలొత్తాయేటి?"

ఆయన నవ్వబోయి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం గంజి తాగింది. మర్నాడు ఇడ్లీ కావాలని వార్డు ఎగిరిపోయేలా పేచీ పెట్టింది. ఊరుకోమని ఎవరూ అనలేదు.