గాడిదకు ఫ్లెమింగో కాళ్ళు

మన బడి గోడ మీది జంతువుల బొమ్మలను సున్నంతో కప్పేసింది మరమ్మతుల కాంట్రాక్టరు. ఊళ్ళో ఒక్కరినీ అడగలేదు. ఆ గోడ వాళ్ళ అబ్బ సొత్తా?

పొద్దున మన గ్రూపులో ఎవరో కోతి తల తగిలించిన ఏనుగు ఫొటో పెడితే అందరూ పగలబడి నవ్వారు. నాకు మేరీ టీచరమ్మ గుర్తొచ్చింది. గోడంతా దేశపటం గీసి, మనచేత ఇలాంటి జంతువులనే వేయించేది కదా? ఏది ఎక్కడ బతుకుతుందో చెప్పి, పటంలో అక్కడే వెయ్యాలి. ఒంటె మూపురం మోస్తూ మన బర్రె రాజస్థాన్‌లో నిలబడేది. చేతులకు రంగు వాసన, కిటికీలోంచి ఎండుచేపల వాసన.

మన రమణయ్య ఒక గాడిదకు ఫ్లెమింగో కాళ్ళు పెట్టి పులికాట్ సరస్సులో నిలబెట్టాడు.

"ఆ కాళ్ళెందుకురా దానికి?" అంది టీచరమ్మ.

"ఎన్ని నీళ్ళొచ్చినా మునగదు టీచరమ్మా."

"మరి అది మోసేదేంది?"

"నన్నే!"

ఆ రమణయ్య పోయినేడు సముద్రంలోకి వేటకు వెళ్ళాడు. పడవ దొరికింది, వాడు దొరకలేదు.

నిన్న వానకు గోడ తడిసి, సున్నం కిందనుంచి ఆ గాడిద బయటపడింది. ముందు కళ్ళు, తర్వాత ఆ పొడుగు కాళ్ళు. వీపు మీద ఎవరూ లేరు. గోడ ఆరగానే మళ్ళీ మాయమైంది.

వానకు గోడ నానిందని, రేపు ఏడింటికి దాన్ని చెక్కి సిమెంటు పూస్తారట. ఈ ఊళ్ళో వాడి చేతి గుర్తు మిగిలింది అక్కడే. వాళ్ళకంటే ముందు సున్నం కడిగేద్దాం, ఆ బొమ్మను చెక్కనివ్వొద్దు. ఉదయం ఆరింటికి బడి గేటు దగ్గరికి తడి గుడ్డలతో రండి.