జిప్పు పెట్టిన అపోసం

కోటబొమ్మాళి నుంచి విజయనగరం వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: చేతిలో ఉన్న పొట్లం రైలెక్కక ముందే విప్పి చూసుకోండి.

ఆ రోజు పదకొండింటికి విజయనగరంలో ఒక కాలేజీలో నా డెమో క్లాసు. జువాలజీ లెక్చరర్ ఉద్యోగం. ఇదీ పోతే ఇక ట్యూషన్లే గతి. క్యాన్సర్ పరిశోధనలో వాడే సంచి జంతువుల గురించి చెబుదామని, టైలర్ సింహాచలం మావ చేత అపోసం బొమ్మ కుట్టించాను. ఎలకలాంటి బూడిదరంగు జంతువు, పొట్టకి గులాబీరంగు పిల్లలు వేలాడాలని చెప్పాను. ప్యాసింజరు తిలారు దాటాక విప్పుదును కదా, పొట్ట మీద సంచీ! దానికో జిప్పు! పిల్లలన్నీ లోపల!

ఫోన్ చేసి అరిచాను.

"సంచి జంతువన్నావు కదే! సంచీ లేకపోతే నవ్వరేటి?" అన్నాడు మావ. "జిప్పు సక్కగా జరుగుతన్నాదా?"

"సంచి జంతువుల జాతే అయినా, ఈ రకానికి సంచీ ఉండదు మావా! అదే దీని గొప్ప!"

ఆమదాలవలసలో కొన్న ఇడ్లీ పక్కన పెట్టేశాను. పిన్నీసుతో కుట్లు విప్పుతుంటే ఎదుటి సీటు పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. రామతీర్థం వెళ్తోందట, దేవుడికి దండ గుచ్చుతోంది.

"తల్లి కడుపు కోసేస్తన్నావేటమ్మా?"

ఉద్యోగం సంగతీ, బొమ్మ సంగతీ చెప్పాను. ఈ పిల్లలు పూర్తిగా ఎదగకుండానే పుట్టి, బయటే తల్లి పొట్టని కరుచుకుని వేలాడతాయి. మనిషి క్యాన్సర్ కణాలు ఎక్కిస్తే తిప్పికొట్టే శక్తి వాటి ఒంటికి ఇంకా ఉండదు. జబ్బెలా పెరుగుతుందో కళ్లారా చూడొచ్చు.

"జబ్బు మీరే ఎక్కిత్తారా?"

"అవునమ్మా."

"పాపిష్టోల్లు!" అంది. దండకి ఇంకో పువ్వు గుచ్చింది. "మా సెల్లి ఈ జబ్బుతోనే పోయినాది. ఇలాగియ్యి," అని బొమ్మ లాక్కుని, సంచీ కుట్టిన దారం పళ్లతో తెంపేసింది. దేవుడి దండ పక్కన పెట్టి, అదే సూదీదారంతో పిల్లల్ని పొట్టకి కుట్టడం మొదలెట్టింది. చీపురుపల్లి దాటాక పని పూర్తయింది. నెల్లిమర్లలో దిగుతూ, "ఉజ్జోగం రాకపోతే సూడు!" అని నన్నే బెదిరించింది.

క్లాసులో బొమ్మని చూసి అందరూ ఒకటే నవ్వు. చివర్లో ఒకమ్మాయి లేచింది.

"మందు కనిపెట్టాక ఈ పిల్లలకి కూడా ఇస్తారా మేడమ్?"

"ముందు వీటికే ఇస్తారు. వీటికి పనిచేస్తేనే మన దాకా వచ్చేది," అన్నాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ప్రిన్సిపాల్ సోమవారం నుంచి రమ్మన్నారు. సంతోషం పట్టలేక కాలేజీ మెట్ల మీదే ఏడ్చేశాను.

తిరుగు ప్యాసింజరు కిటకిటలాడింది. బొమ్మని బ్యాగులో పెట్టి పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఆలస్యమైనా, మనుషులు ఇరుక్కునైనా చోటిచ్చే రైలది. పనసకాయతో ఎక్కినాయన, "ఆ బేగు కిందెట్టమ్మా, కూకుంటాను," అన్నాడు.

"కుదరదండీ. లోపల బాలింతుంది."

బ్యాగు వంక, నా వంక చూశాడు. నిలబడే ఉండిపోయి, "అయితే ఆ కిటికీ దించీయమ్మా," అన్నాడు. "గాలి తగలకూడదు."

దించేశాను.