పారేసిన పడవలోంచి నా కాలు

మొన్న మంగళవారం పొద్దున మా కాక పోయాడు. మా నాన్నకు తమ్ముడు, సిరొంచలో పడవలు బాగుచేసే మనిషి. కబురు తెచ్చినవాళ్లే నాతో, "గోదారి ఇసుకల నువ్వు నడువలేవు బిడ్డా, ఇంటికాడనే ఉండు" అన్నారు. ఎంత దయో!

చిన్నప్పుడే పోలియోతో నా ఎడమ కాలు చచ్చుబడింది. ముప్పై ఏళ్లు దాటేదాకా కాలికి కట్టే ఇనుప చట్రం, కాలిపర్, మోశాను. పిక్కంతా పుండ్లు. ఇసుకలో అడుగు పెడితే దిగబడిపోయేది. మీరు జాలిపడకండి, అందుకు రాయడం లేదిది.

ఓ వానాకాలం సర్కారు ఫైబర్ పడవ రాయికి తగిలి బద్దలైంది. ముక్కలు రేవు ఆఫీసు వెనక పడేసి కాల్చేయబోయారు. కాక వెళ్లి అడిగాడు.

"కచరా ఏంజేసుకుంటవ్?" అని గుమాస్తా నవ్వాడు.

"నీకు కచరా. మా బిడ్డకు కాలు," అన్నాడు కాక.

ముక్కల్ని రోట్లో దంచి, పిండిలా జల్లించి, చంద్రపూర్ నుంచి తెప్పించిన జిగురులో కలిపి, కాలిపర్ బదులు కాలికి తొడుగులా ఉండేలా నా కాలి అచ్చులో పోశాడు. నున్నగా, ముచ్చటగా వచ్చింది. మూడో రోజు మెట్టు దిగుతుంటే రెండు ముక్కలైంది. ఊరంతా నవ్వింది. నేను ఏడ్చి, ఇక వద్దన్నాను.

కాక విరిగినచోట వేలితో తడుముతూ కూర్చున్నాడు. "తప్పు పడవది గాదు, నాది. మెత్తగ దంచి దాని నరాలు తెంపిన."

ఈసారి దంచలేదు. పీచు తెగకుండా పొరలు పొరలుగా ఒలిచి, అచ్చు మీద పరిచి జిగురు పట్టించాడు. ఆ పీచులోని గాజు నూగు గుచ్చుకుని చేతులు ఒకటే దురద. అన్నం ముందు కూర్చుని గోక్కుంటుంటే ఎవరైనా అయ్యో అన్నారా, "గోకుడు నాది, నడుసుడు బిడ్డది, మీకేంది పరేషాన్?" అని కసిరేవాడు.

రెండోది విరగలేదు. తేలిక. ఇసుకలో దిగబడకుండా అరికాలి కింద కూడా వెడల్పుగా పడవ ముక్కే. పిక్క మీద మాత్రం పడవకు సర్కారు వేసిన తెల్ల అంకె సగం మిగిలింది. గీకెయ్యమంటే కాక వినలేదు.

"ఉండనీ. రోజు ఆఫీసు ముంగట్నుంచే నడువు."

ఆరేళ్లుగా అలాగే నడుస్తున్నాను.

వస్తానని పట్టుబడితే మంగళవారం నాకోసం ఎడ్లబండి తెచ్చారు. ఎక్కలేదు. ఆ అంకె కనబడేలా చీర పైకి దోపి, పాడె వెనకే ఇసుకలోకి దిగాను. ఆ గుమాస్తా కూడా వచ్చాడు, పాపం, చెయ్యి అందించబోయాడు.

"చెయ్యి నాకెందుకు సారూ? పోయి కాకకు భుజం పట్టుండ్రి."

నీళ్ల దగ్గర ఆగి వెనక్కి చూశాను. రేవు నుంచి అక్కడిదాకా ఇసుకలో నా జాడ: ఒక అడుగు పాదం, ఒక అడుగు పడవ.