పిల్లిపెసర పీకిన మడి

మా ఎకరానికి మూడు వైపులా ఇప్పుడు రొయ్యల చెరువులే. రొయ్యలు పట్టేసి నీళ్ళు తోడేసిన రోజున అడుగున నల్లటి బురద బయటపడి, కుళ్ళిన కోడిగుడ్ల కంపు బంటుమిల్లి రోడ్డు దాకా కొడుతుంది. గుడివాడలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఆ కంపు ఎవరి పనో నాకు తెలుసు. రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున పేరుకుంటే, గాలి ఆడని ఆ బురదలో కొన్ని బాక్టీరియాలు మనం గాలి పీల్చినట్టు గంధకపు లవణాలతో ఊపిరి తీసుకుంటూ, ఆ మేత నుంచే శక్తి లాక్కుని, ఈ కంపు వదులుతాయి. వాటి తప్పేమీ లేదు, పెట్టింది తింటున్నాయి. చెరువుల యజమాని మాత్రం ఏటా వచ్చి, ఈ ఎకరం కూడా ఇచ్చేస్తే తవ్వించేస్తానంటాడు.

ఈ ఎకరం మా అమ్మది. మా పేటలో ఆడమనిషి పేరున ఉన్న పొలం అప్పట్లో అదొక్కటే, ఆ సంగతి అమ్మ ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు. వరి కోతకు వారం ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, పశువుల మేతకూ, దున్నేస్తే నేలకు ఎరువుగానూ పనికొచ్చే పిల్లిపెసర విత్తనాలు ఒళ్ళో పోసుకుని వరి దుబ్బుల మధ్య చల్లుకుంటూ వెళ్ళేది. మేం క్రిస్మస్ అరిసెలు తిని, నూనె చేతులు కొత్త గౌన్లకు తుడిచి, గడ్డివాముల మీద నుంచి జారి, ఒళ్ళంతా దురదలు పెట్టించుకుని తిట్లు తినేసరికి, కోసిన మోళ్ళ మధ్య మంచు తేమకే అది పచ్చగా అల్లుకుపోయేది. గేదెలు పడకుండా కాపలా కాయడం నా పని.

ఒక ఏడు, అప్పుడు నాది ఆరో క్లాసు. బాక్టీరియా అంటే రోగమేనని, కలరా, టైఫాయిడ్ అని సైన్సు మాస్టారు మా చేత వరసగా వల్లె వేయించారు. క్లాసులో ఫస్టు నేనే, అందుకని భయం కూడా అందరికంటే నాకే ఎక్కువ. కాపలాలో ఊసుపోక ఒక మొక్క పీకితే వేళ్ళ నిండా సగ్గుబియ్యమంత బుడిపెలు. గోటితో నొక్కితే లోపల నెత్తురులా ఎర్రగా ఉంది. ఇంకో మొక్క, ఇంకోటి, అన్నిటికీ అంతే. అయిపోయింది, బాక్టీరియా పట్టి అమ్మ పొలానికి రోగమొచ్చిందనుకున్నాను. సాయంత్రం చర్చి గంట కొట్టేదాకా, అరచేతులు బొబ్బలెక్కేదాకా, కాలవ పక్క మడి మొత్తం పీకి నీళ్ళలో పారేశాను.

అమ్మ వచ్చి చూసి గట్టు మీద కూలబడింది. కొడుతుందనుకుని, రోగమొచ్చిందని ముందే చెప్పేశాను. ఇది రోగమని ఎవరు చెప్పారని అడిగితే మాస్టారన్నాను. మర్నాడు ఒక మొక్కను వేళ్ళతో సహా పట్టుకుని నన్ను బడికి లాక్కెళ్ళింది. వేలిముద్ర వేసే మనిషి, బడి వరండా ఎక్కడం అదే మొదలు.

“మీరు చదువుకున్నోళ్ళు మాస్టారండీ, నేను కాదన్ను. ఇది మాత్రం రోగం కాదండి. ఈ బుడిపెలుంటేనే మా వరి పచ్చగా ఉంటది.”

పాఠంలో అలా లేదని ఆయన నవ్వారు.

“పాఠంలో లేకపోతే మా చేలో ఉందండి. వచ్చి చూసుకోండి.”

ఆయన రాలేదు. మిగతా పిల్లిపెసరను దున్నేసి నాటిన సార్వాకి, ఆ వానాకాలపు పంటకి, పొలమంతా వరి నల్లగా నిగనిగలాడుతూ ఎదిగితే, నేను పీకిన మడి ఒక్కటీ పసుపు తిరిగి తేలిపోయింది. యూరియా చల్లమని నలుగురూ చెప్పినా అమ్మ వినలేదు, ఉండనీండి, దారినపోయేవాళ్ళు చూడాలంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ఇదిగో మా ఫస్టు పిల్ల పీకింది ఇక్కడిదాకా అని చూపించేది, నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఒకరోజు మాస్టారు సైకిల్ దిగి, గట్టు మీద నుంచి వంగి అటు దుబ్బూ ఇటు దుబ్బూ పట్టి చూసి, మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ ఎరుపు మన నెత్తురు ఎరుపుకు దగ్గర చుట్టమని, బుడిపెల్లో బాక్టీరియాలు కాపురముంటాయని, మొక్క వాటికి చక్కెర పెడితే అవి గాలిలోని నత్రజనిని మొక్కకు వండిపెడతాయని నాకు కాలేజీలో తెలిసింది. పరుగెత్తుకొచ్చి అమ్మకు చెబితే, నేను చెప్పిందీ అదే కదే అని బియ్యం చెరుగుతూనే అంది.

ఇప్పుడు అమ్మ లేదు. కోత మిషన్లు వచ్చాక, మొలకలు చక్రాల కింద నలిగిపోతాయని, నిలబడ్డ వరిలో చల్లేవాళ్ళూ లేరు, విత్తనం కోసం కూచిపూడి దాకా తిరగాలి. నేను తిరుగుతాను, తెచ్చి చల్లుతాను. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, తూర్పు గట్టు వెంట నాలుగు మొక్కలు పీకి చూశాను. చెరువుల ఉప్పునీరు మట్టిలోకి ఊరి, వేళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. మొక్కలు ఇంకా చేతిలో ఉండగానే చెరువుల యజమాని బండి ఆపి, ఒంటి ఎకరంతో ఏం బావుకుంటారు మేడంగారూ, ఈ ఏడన్నా ఇచ్చేయండి అన్నాడు. వేళ్ళు ఆయనకు కనబడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

“ఇవ్వనండీ” అన్నాను. “వచ్చే ఏడు కూడా అడగండి. అప్పుడూ ఇవ్వను.”